బిళ్ల బ్యాటరీ

ఆ కంప్యూటర్ మొండికేసి అది మూడో ఆదివారం. అతను సర్వర్లు చూసుకునే మనిషి. ఆఫీసులో ఏ మిషను పడకేసినా అతన్నే పిలుస్తారు. అంతటివాడూ ఇంట్లో నల్లతెర ముందు గుడ్లప్పగించి కూర్చున్నాడు.

భార్య బొమ్మల సినిమాలు చేసేది. ఆమె సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప నడవనంటుంది. అందుకని అతను తన కంప్యూటర్ లోపలే ఆమె కోసం ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ కట్టి, బొమ్మల్ని కదిలించే గ్రాఫిక్స్ కార్డును నేరుగా దానికి అప్పగించాడు. అప్పట్నుంచీ ఆమె అతన్ని “మేస్త్రీ” అని ఏడిపించేది. ఆమె పోయాక ఆ గది చూడలేక ప్లగ్గు పీకేశాడు. ఎనిమిది నెలలు అలాగే ఉంచాడు.

చివరికి మరదలే వచ్చి ప్లగ్గు మళ్లీ పెట్టించింది. “ఆఖరి నెలలో అక్క నా కోసం ఓ చిన్న బొమ్మ చేసింది బావా. చివర్న తన గొంతు పెట్టానంది. నా పుట్టినరోజు దాకా చూడనని ఒట్టేయించుకుంది.” ఆ బొమ్మ సినిమాగా ఇంకా మారలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తేనే కదులుతుంది. అది తెరుచుకోవాలంటే కార్డు కావాలి. ఆ కార్డేమో లోపలి మిషనుకు అందనే అందడం లేదు.

అతను డ్రైవర్లు మార్చాడు, సెట్టింగులు తిరగేశాడు. ప్రతి ఓటమి తర్వాతా ఆఫీసు పద్ధతే పాటించాడు. అంతా సరిగ్గా నడిచిన తొలిరోజున తీసిన స్నాప్‌షాట్ ఒకటుంది. అది నొక్కితే లోపలి మిషను ఆ రోజుకు వెళ్లిపోతుంది, తర్వాత జరిగిందేదీ దానికి గుర్తుండదు. పాడైన ప్రయత్నం తాలూకు చెత్త మిగలదు. ఆమె పనంతా వేరే డిస్కులో ఉంటుంది, దానికేం కాదు. అలా అని అతనే ఆమెకు వందసార్లు చెప్పాడు. మూడు వారాల్లో పదకొండు సార్లు నొక్కాడు.

“ఏం మేస్త్రీ, గోడ మళ్లీ కూలిందా?” అంది మరదలు, టీ కప్పు పక్కన పెడుతూ.

“నువ్వు నోరు మూసుకుంటే నిలబడుతుంది.”

“సరేగానీ, మొదట్లో వచ్చే ఆ నీలం తెర మీద తేదీ ఏంటి, ఎన్నో ఏళ్ల కిందటిది?”

అతను నెత్తిన కొట్టుకున్నాడు. మూత విప్పి చూస్తే, మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. దాంతో బోర్డు పాత సెట్టింగులన్నీ మరిచిపోయింది. కార్డును లోపలికి అప్పగించనిచ్చే సెట్టింగు కూడా వాటిలో ఒకటి. కొత్త బిళ్ల వేసి, ఆ సెట్టింగును మళ్లీ ఆన్ చేశాడు. అంతే, తెల్లకొంగ బొమ్మతో ఆమె తెర కళ్లముందుకొచ్చింది. మరదలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

వేరే డిస్కు తెరిచాడు. పాత పనులన్నీ ఉన్నాయి, మరదలి బొమ్మ లేదు.

“అక్కడెందుకు వెతుకుతావ్? ఈ తెర మీదే పెట్టింది బావా. చెయ్యి లేవట్లేదే, అంత లోపలికి వెళ్లలేనంది. ‘పొట్టి’ అని నా ముద్దుపేరే పెట్టింది. ఇక్కడే, కొంగ కాళ్ల దగ్గర.”

కొంగ కాళ్ల దగ్గర ఏమీ లేదు.

అబద్ధం చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది.

“నేనే చెరిపేశాను,” అన్నాడు. “మొదటి ఆదివారం, మొదటిసారి స్నాప్‌షాట్ నొక్కినప్పుడే పోయింది.”

“అప్పటిదాకా ఉందా?”

“ఉంది.”

“మరి పాడైంది లోపల కాదా?”

“కాదు. లోపల అంతా బాగానే ఉంది. ఈ బిళ్లొక్కటే.”

ఆమె తిట్టినా బాగుండేది. తెర మీద ఆ ఖాళీ చోటును వేలితో తాకి, బల్ల మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఓదార్చడానికి అతనికి చెయ్యి రాలేదు. చచ్చిన బిళ్లను పిడికిట్లో పట్టుకుని నిలబడిపోయాడు.

ఆమె ఇప్పటికీ వస్తుంది, ఎప్పట్లాగే బావా అని పిలుస్తుంది. మేస్త్రీ అని మాత్రం మళ్లీ పిలవలేదు.