మామయ్యగారి ఒంటి తుమ్ము

మా అంబాసిడర్ కారుకి ఒక గుణం ఉండేది. బుద్ధి పుట్టిన రోజు తాళం తిప్పీ తిప్పకముందే స్టార్టయ్యేది. పుట్టని రోజు చెరుకు నరికే కూలీలంతా వచ్చి నెట్టినా కదిలేది కాదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, "పోనీ, ఒకసారి చూద్దాం" అని మా ఆయన మళ్ళీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు బుర్రుమనేది. అప్పటికి వెళ్ళాల్సిన పని ఎలాగూ చెడిపోయి ఉండేది.

ఇది డెబ్బై నాలుగు నాటి మాట. ఉయ్యూరు దగ్గర కాలవ గట్టున మా ఇల్లు. ఫ్యాక్టరీకి చెరుకు తోలే మా ఊరి రైతుల్లో కారు కొన్న మొదటివాడు మా ఆయన బసవపున్నయ్య. సెకండ్‌హ్యాండుదే అనుకోండి. అది ఇంటికొచ్చిన రోజే మా మామగారు వెంకటప్పయ్యగారు, కారున్న ఇంటి ఆడవాళ్ళు బస్సెక్కకూడదని తీర్పు చెప్పేశారు. కారు రాకముందు నేను నెలకోసారైనా బస్సెక్కి బెజవాడ వెళ్ళొచ్చేదాన్ని. కారొచ్చాక ఇంట్లో పడ్డాను.

నాకేమో బెజవాడలో పనుంది. రేడియో స్టేషన్లో లలిత సంగీతం పాడేవాళ్ళకి స్వరపరీక్ష పెడుతున్నారంటే దరఖాస్తు పెట్టుకున్నాను. పెళ్ళికి ముందు ఏళ్ళ తరబడి నేర్చుకున్న సంగీతం, పెళ్ళయ్యాక పేరంటాల్లో హారతి పాటలకి తప్ప పనికిరాలేదు. కార్తీకమాసంలో పిలుపొచ్చింది. పొద్దున్నే పట్టుచీర కట్టుకుని కారెక్కి కూర్చున్నాను. కారు కదల్లేదు. దాన్లోనే కూర్చుని ఏడ్చాను. చీర నలిగిపోతోందని మా అత్తగారు వెంకటరత్నమ్మగారు బాధపడ్డారు.

"అప్పుడే అనుకున్నానమ్మాయ్, ఒంటి తుమ్ము వచ్చినప్పుడే," అన్నారు మామగారు.

ఆయన తుమ్ముల సంగతి చెప్పాలి. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఇంట్లోవాళ్ళ ప్రయాణాలన్నీ ఆయనే సాగనంపేవారు. బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము వినపడితే అశుభం. దిగి లోపలికొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాస్త ఆగి మళ్ళీ బయల్దేరాలి. వెంటనే రెండోది కూడా వస్తే దోషం పోయినట్టే. ఇంతవరకూ అందరిళ్ళల్లోనూ ఉన్నదే. ఆయన సొంతంగా చేర్చిన సూత్రం ఇంకొకటుంది. తుమ్ము తనంతట తను రావాలి. ముక్కులో పుల్ల పెట్టుకునో, పొడుం పీల్చో తెప్పించుకున్నది లెక్కలోకి రాదు. "పిలిస్తే వచ్చేది చుట్టం. శకునం కాదు," అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా మా అత్తగారు రొంటిన దోపుకున్న పొడుం డబ్బాని ఇంకాస్త లోపలికి తోసుకునేవారు. తనకి పొడుం అలవాటుందని ఆయనకి తెలియదని ఆవిడ నమ్మకం. అలవాటు పడ్డ ముక్కు కాబట్టి ఆవిడెప్పుడూ తుమ్మేవారు కాదు.

మా ఆయన కారుని బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్ళారు. అక్కడ మెకానిక్ బాలశౌరి ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లూ స్టార్టయింది. అయినా ఉత్త చేతులతో పంపడం బాగుండదని బ్యాటరీ మార్చాడు, వైర్లు మార్చాడు. ఇంటికొచ్చి వారం తిరక్కుండా కారు మళ్ళీ మొండికేసింది. ఈసారి బాలశౌరినే మా ఊరు రప్పించాం. అతను బానెట్ ఎత్తి, ప్లగ్గులు విప్పి వాసన చూశాడు.

"ప్లగ్గులు పెట్రోల్లో నానిపోయినయ్యండి. చోకు లాగితే ఇంజన్లోకి పెట్రోలు ఎక్కువ పోద్ది గదండి. అట్టా స్టార్ట్ చేసి, వేడెక్కకముందే ఆపేసి, మళ్ళీ చోకు లాగి తిప్పితే మునిగిపోద్ది. తవరేవన్నా మధ్యలో ఆపుతున్నారా?"

"నేనెందుకు ఆపుతానయ్యా? ఊరెళ్ళడానికి స్టార్ట్ చేసినవాణ్ణి."

మా ఆయన అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో అది కారు ఆపడం కాదు, మంచినీళ్ళు తాగడం.

"అట్టయితే నాకూ తెలవటం లేదండి. ఓసారి గుణదల మాత కొండ కాడికి తోలి దణ్ణం పెట్టించండి," అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు బాలశౌరి.

తలుపు పక్కన నిలబడి విన్న నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ రాత్రి వడ్డిస్తూ చెప్పాను.

"ఆపుతున్నారండీ మీరు. మామయ్యగారు తుమ్మినప్పుడల్లా ఆపుతున్నారు."

"తుమ్మితే ఆపరా మరి?"

"దిగి నీళ్ళు తాగండి. ఇంజన్ మాత్రం ఆపకండి."

"ఇంజన్ తిరుగుతుంటే ప్రయాణం ఆగినట్టు ఎట్టా అవుతుంది? నాన్న ఒప్పుకోడు," అని పెరుగు కలుపుకున్నారు.

సరే, తుమ్ముకి కారు ఆగుతోంది. అసలా తుమ్మెందుకొస్తోంది? మామగారికి జలుబు లేదు, దగ్గు లేదు. కొన్ని రోజులు తుమ్ముతారు, కొన్ని రోజులు తుమ్మరు. తర్వాత కారు తీసిన పొద్దుల్లో నేను పని మానుకుని వరండా స్తంభం దగ్గర నిలబడ్డాను. కారు షెడ్డు కాలవ వైపు ఉంది. చోకు లాగి స్టార్ట్ చేయగానే కారు నల్లటి పొగ వదులుతుంది. కాలవ మీంచి గాలి వీచే రోజున ఆ పొగ తిన్నగా పడక్కుర్చీ దగ్గరికొస్తుంది. గాలి అటు తిరిగిన రోజున చెరుకు తోటలోకి పోతుంది. అంటే ఆయన చేత తుమ్మిస్తున్నది కారే. ఆ తుమ్ముకి ఆయన కారుని ఆపిస్తున్నారు. ఆపినందుకు అది మొండికేస్తోంది. మొండికేసినందుకు తుమ్ముకి పేరొస్తోంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన శకునాలన్నీ పెట్రోలు పొగేనని ఆయనతో ఎవరు చెబుతారు? మా ఆయనకి చెబితే ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందంటారు గానీ, మా మామగారి పెత్తనం తుమ్మే కొద్దీ గట్టిపడేది.

మాఘమాసంలో రేడియో స్టేషన్ నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి రాకపోతే ఇక పిలిచేది లేదన్నారు. ఆ పొద్దున లేవగానే పెరట్లోకెళ్ళి గాలి చూశాను. కాలవ మీంచే వీస్తోంది.

"మామయ్యగారూ, కుర్చీ ఆ పక్కకి వేయనా? ఎండ తగులుతుంది," అన్నాను.

"నా కుర్చీ జోలికి రావద్దమ్మాయ్. ఇక్కణ్ణించే సాగనంపుతాను."

కారెక్కాను. మా ఆయన చోకు లాగి తాళం తిప్పారు. ఇంజన్ అందుకుంది. పొగ లేచింది, వరండా మెట్లెక్కింది.

హాఛ్.

మా ఆయన చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళయ్యాక వరండాలో పెద్దవాళ్ళుండగా ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"ఆపొద్దు. యాక్సిలేటర్ తొక్కండి."

"నాన్న చూస్తున్నాడే."

"మీరు తొక్కితే చూడరు."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి తొక్కారు. కారు గర్జించింది. పొగకి ముందు మెట్లు కనపడకుండా పోయాయి, తర్వాత స్తంభాలు, తర్వాత పడక్కుర్చీ. పొగలోంచి రెండో తుమ్ము వినపడింది.

"ఇక కాలు తీసేయండి. మూడోది వస్తే కొంప మునుగుతుంది," అన్నాను.

"జంట తుమ్మురా అబ్బాయ్," అన్నారు మామగారు పొగలోంచే, దగ్గుతూ. "దోషం పోయింది. కదలండి, కదలండి."

వెళ్ళాను. పాడాను. పాసయ్యాను. మొదటి పాట రికార్డు చేసి, ప్రసారం ఎప్పుడో తర్వాత చెబుతామన్నారు. ఈలోగా మామగారు తన జంట తుమ్ము బలం గురించి ఊరంతా చెప్పుకున్నారు. సాధన చేసింది నేను, పేరు ముక్కుది. కోపమొచ్చింది గానీ, ఆ కోపంతో అన్నం మానేసేంత కాదు.

పాట వేసే సాయంత్రం రేడియోని వరండాలోకి తెచ్చి పెట్టారు. మా ఆయన, అత్తగారు, నేను చుట్టూ కూర్చున్నాం. పడక్కుర్చీలో మామగారు. "ఇప్పుడు లలిత సంగీతం" అని రేడియోలోంచి నా పేరు చదువుతున్నారు. అప్పుడు మామగారు తుమ్మారు.

ఒక్కటే.

ఎవరం కదల్లేదు. ఎప్పుడో పాడేసిన పాటని ఆ తుమ్ము ఏం చేస్తుంది? ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ భయమేసింది. మామగారు తలపైకెత్తి, నోరు తెరిచి రెండోదాని కోసం చూశారు. అది రాలేదు. కారు షెడ్డులో చల్లగా పడుంది, పొగ లేదు. రేడియోలో వయొలిన్ మొదలైంది.

మామగారు అత్తగారి వైపు తిరక్కుండానే చెయ్యి చాపారు.

"ఏమేవ్, ఆ రొంటినున్న డబ్బా ఇటు తే. తొందరగా. పిల్ల గొంతెత్తబోతోంది."

అత్తగారు పొడుం డబ్బా తీసి చేతిలో పెట్టారు. ఆయన చిటికెడు తీసి రెండు ముక్కుల్లోనూ కూరి, ఇల్లదిరేట్టు తుమ్మారు. ఆ దెబ్బకి నా పాట పల్లవి మా ఇంట్లో ఎవరికీ వినపడలేదు. రేడియోలో పాడినందుకంటే ఆ తుమ్ముకే నాకు ఎక్కువ సంతోషం వేసింది.