సత్యానందం చెక్కిన మాట

పేరు తరువాత. ముందు "స్లీపెత్" అన్న ఇంగ్లీషు మాట చెక్కాలి, అది సత్యానందం ఇంటి పద్ధతి. రాజోలు కాలవగట్టు మీద రేకుల పాకలో, నల్లరాతిని పాదాల మధ్య బిగించుకుని ఉలి మీద సుత్తి తేలిగ్గా వేస్తున్నాడు. కనుబొమల నిండా రాతిపొడి. ఇంగ్లీషు ముక్క రాదు. ఆ అక్షరాలు తండ్రి బొమ్మలు దిద్దించినట్టు దిద్దించినవే. సమాధిరాళ్ళు చెక్కేవాడికి అంతకు మించిన చదువెందుకని ఊళ్ళోనూ ఎవరూ అడగలేదు.

ఆ రోజు అడిగింది నిర్మల. అమలాపురం కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతుంది, తల్లి సమాధికి రాయి చేయించడానికి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళే ఇలా మాట్లాడడం మానేసి మూడొందల ఏళ్ళయింది, ఈ మాట మీ దగ్గరికెలా వచ్చిందని ఆశ్చర్యపోయింది.

సత్యానందం సుత్తి పక్కన పెట్టేశాడు.

"ఇంతమంది సమాధుల మీద తప్పు చెక్కేనా అండీ? మా దానమ్మ మీదా ఇదే చెక్కేను."

తప్పు కాదని చెప్పినా భార్య సంగతి కదా, అతనికి నమ్మకం కుదరలేదు. మొదట ఎవరు రాయించారో తేలాల్సిందే అన్నాడు. ఇద్దరూ ఆటోలో మిషను సమాధుల తోటకు వెళ్ళారు. తీగలు లాగి, నాచు గీకి, తండ్రి చెక్కిన రాళ్ళూ తాత చెక్కిన రాళ్ళూ దాటుకుంటూ వెనక్కి నడిచారు. గోడవార కొబ్బరి వేళ్ళు ఎత్తేసిన రాయి ఒకటి కనిపించింది. ఎవరో దొరసాని పసిబిడ్డది. అదే మాట, చివరి అక్షరానికి సత్యానందం పెట్టే అదే తోక.

ఒకప్పుడు ఇంగ్లండు సంతల్లో బేరగాళ్ళ నోట ఆడిన మాట ఇదని నిర్మల చెప్పింది. తరువాత ప్రార్థనల్లో మాత్రం మిగిలింది. ఆ తల్లి కాగితం మీద రాసిస్తే వీళ్ళ ముత్తాత చూసి చెక్కి ఉంటాడు.

"దీనికి అర్థమేంటండీ?" డెబ్బై ఏళ్ళకు మొదటిసారి అడిగాడు సత్యానందం.

"నిద్రపోతోంది అని బాబాయిగారూ. ఇప్పుడు, ఇక్కడ."

"చనిపోయిందని కాదాండీ?"

"కాదండీ."

అతను ఇన్నేళ్ళూ ఇంత గొప్ప సంగతి తన చేతులతోనే చెక్కాడా అని అబ్బురపడి, ఆ చేతులకేసే చూసుకున్నాడు. చివరికి నిర్మలను బయల్దేరమన్నాడు. దానమ్మ దగ్గర కాసేపు కూర్చుని వస్తానన్నాడు.

సాయంత్రం గేటు మూయడానికి వచ్చిన కాపలాదారు దొరబాబు అతణ్ణి అక్కడే చూశాడు. భార్య రాతికి తల ఆనించి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. ఊపిరి ఎప్పుడో ఆగిపోయింది.

కాళ్ళకు చెప్పులు లేవు. దానమ్మకు అడుగుల చప్పుడు వినపడనంత దూరంలో, దారి మొదట్లోనే విప్పిన రబ్బరు చెప్పులు పక్కపక్కన ఉన్నాయి.