గుండీల డబ్బా అడుగున

నేను ఒక రేకు డబ్బాను. నా మూత మీద ఒకప్పుడు గుర్రపు బండీ, అందులో గొడుగు పట్టుకున్న దొరసానీ ఉండేవారు. ఇప్పుడు గుర్రం కాళ్లు మాత్రం మిగిలాయి. నేను పుట్టింది బిస్కెట్ల కోసం. ఆ వైభవం ఎన్నాళ్లు! ఒక పెళ్లింటివాళ్లు బిస్కెట్లు తినేసి, కుట్టుకిచ్చిన బట్టలతో పాటు నన్ను కూడా కోరుట్లలో గంగారాం దర్జీకి ఇచ్చేశారు. గంగారాం నాలో గుండీలు పోశాడు. అప్పటినుంచి నేను గుండీల డబ్బానే.

గంగారాం పోయాక అతని కొడుకు రాజలింగానికి దక్కాను. రాజలింగం రఫూ పనిలో మొనగాడు. చిరిగిన చోటు వేలితో తడిమి చూసినా దొరికేది కాదు. కానీ రెడీమేడ్ బట్టల ముందు మొనగాళ్లెంత? ఒకనాడు నన్ను పెట్టెలో పెట్టుకుని విమానం ఎక్కాడు. మావైపు ఏ ఎడారి దేశం వెళ్లినా దుబాయి పోయాడనే అంటారు. ఇతను పోయింది మరేదో దేశం. దాని పేరు నాకెవరూ చెప్పలేదు.

అక్కడ యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పని. గదిలో కింది మంచం రాజలింగానిది. పై మంచం మెట్‌పల్లి భూమేశ్‌ది. కాజాలు, గుండీలు అతని పని. నోట్లో నాలుక లేని మనిషి. నేను కిటికీలో ఉండేదాన్ని.

సెలవుకు ఇంటికొచ్చినప్పుడు రాజలింగానికి జ్వరం పట్టుకుంది. తగ్గదే! పెద్దాసుపత్రిలో రక్తం చూసి ఎయిడ్స్ పురుగు ఉందన్నారు. భార్య అనసూయకూ చూశారు. ఆమెకు లేదు. ఎలా వచ్చిందని ఆమె ఒక్కసారే అడిగింది. అతను తల దించుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. క్షమించి కాదు, వినే ఓపిక లేక.

మందుల కేంద్రంలో రోజూ వేసుకోమని గోలీలిచ్చారు. జ్వరం పోయింది, ఒళ్లు తేరుకుంది. సెలవు పొడిగించుకుని ఉండగా మరోసారి పరీక్ష చేశారు. పురుగు మిషన్‌కు అందనంత తగ్గిందని, గోలీలు మానకపోతే అందరిలాగే బతకొచ్చని డాక్టరు చెప్పాడు. రాజలింగం మొహం చాన్నాళ్లకు విప్పారింది. తను దుబాయి మనిషినని ఆసుపత్రిలో అతను చెప్పనేలేదు. ఆ దేశంలో ఉండి పని చేయాలంటే వీసా కొత్తది చేసిన ప్రతిసారీ రక్తం ఇవ్వాలి. ఈ జబ్బు ఉందని తేలితే పంపించేస్తారు. ఆ సంగతి డాక్టరును అడిగితే పోనివ్వడేమోనని భయం. బొంబాయిలో పని చేస్తానని చెప్పాడు.

అలా నా అడుగున కవరులో గోలీలు, పైన గుండీలు చేరాయి. విమానాశ్రయంలో ఒకాయన మూత తీసి, గుండీలు చూసి, మూసేశాడు. గోలీలు నిండుకునే వేళకు అనసూయ ఇంకొన్ని తెచ్చి, తెల్ల గుండీలలో కలిపి, గుడ్డలో మూటకట్టి, ఆ దేశం పోయే ఎవరిచేతనో పంపేది. కోరుట్ల నుంచి గుండీలు అంత దూరం ఎందుకని ఎవరూ అడగలేదు. మామిడి తొక్కు పచ్చడి, సకినాలు, చివరికి చీపురుకట్ట కూడా మోసుకుపోయే జనం గుండీల దగ్గర ఆగుతారా? ఒకసారి ఆ మూట భూమేశే తెచ్చాడు. రాజలింగం చేతిలో పెట్టి, మాట్లాడకుండా పై మంచం ఎక్కాడు.

వీసా గడువు దగ్గరపడింది. రాజలింగం భయపడలేదు. మా ఊరి మిషన్‌కే దొరకనిది ఇక్కడి మిషన్‌కు ఎలా దొరుకుతుందని అతని లెక్క. రఫూ చేసేవాడి లెక్క అది. పైకి కనబడకపోతే చిరుగు లేనట్టే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అన్నం పొయ్యి మీద పెట్టమని భూమేశ్‌కు చెప్పి, రక్తం ఇచ్చి వచ్చాడు. తర్వాత మళ్లీ రమ్మని కబురొస్తే అదే చొక్కాతో వెళ్లాడు. ఇక గదికి రాలేదు. అటునుంచి అటే ఒక గదిలో పెట్టి తాళం వేశారని, ఆ చొక్కాతోనే విమానం ఎక్కించారని తర్వాత విన్నాను. అతను కుట్టిన యూనిఫారం వేసుకున్నవాడే అతన్ని ఎక్కించి ఉంటాడు. నాకు కోపం రావాల్సింది. రేకుకు కోపమెక్కడిది!

అతని మంచం మీదికి కొత్త మనిషి వచ్చాడు. నన్ను బయట పారేయబోతే భూమేశ్ లాక్కుని తన తలగడ పక్కన పెట్టుకున్నాడు. సెలవు రాగానే నన్ను కోరుట్లకు తెచ్చాడు.

రాజలింగం దుకాణంలో దారం ఎక్కించని మిషన్‌ను ఊరికే తొక్కుతున్నాడు. వచ్చినప్పటినుంచీ అంతేనని అనసూయ చెప్పింది.

"అన్నా, నీ డబ్బా. గుండీలన్నీ ఉన్నయి," అన్నాడు భూమేశ్.

రాజలింగం కాలు ఆపాడు. మూత తీసి, అడుగు దాకా వేళ్లు పోనిచ్చి వెతికాడు.

"గోలీలు?"

"గవి నేనే మింగిన, అన్నా. నాయి అయిపోయినయి."

అనసూయ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మూట మోసిన్నాడే తెల్సింది నాకు," అన్నాడు భూమేశ్ నేల చూస్తూ. "చేతికి తగిలినయి. చెప్దామనుకున్న. నోరు రాలే."

పైన ఒకడు, కింద ఒకడు, ఒకే భయంతో అన్ని రోజులు పడుకున్నారు. నేను మధ్యలోనే ఉన్నాను. నాకు నోరు లేదు. వాళ్లకు ఉండీ ఏం లాభం?

"మల్ల పోతున్నవా?" అడిగాడు రాజలింగం.

"టికెట్ ఉంది. వచ్చే నెల వీసా కొత్తది చేస్తరు. నాకేం భయం లేదే. మిషనుకు దొర్కుతలేదన్నడు డాక్టరు."

"నాకూ గట్లనే అన్నడు."

భూమేశ్ తలెత్తాడు.

"వచ్చినంక అడిగిన," అన్నాడు రాజలింగం. "మనకాడ ఆ మిషను పురుగును లెక్కబెడ్తది. గాడ పురుగు ఒంట్ల ఇడిచిన జాడ చూస్తరట. పురుగు ఎంత తగ్గినా జాడ పోదట. చొక్కా తిప్పి కుట్టు చూసినట్టు. పోకు తమ్మీ. తాళమేస్తరు."

భూమేశ్ బల్ల మీదున్న స్కూలు చొక్కా ఒకటి ఒళ్లోకి లాక్కుని, నాలోంచి తెల్ల గుండీ తీసి, కుట్టడం మొదలుపెట్టాడు. రాజలింగం మిషన్‌కు దారం ఎక్కించాడు.

టికెట్టు తేదీ వచ్చింది, పోయింది. ఆనాడు ఇద్దరూ స్కూలు యూనిఫారాలు కుడుతున్నారు. నా అడుగున ఇప్పుడు రెండు కవర్లున్నాయి. దుకాణం మూసే ముందు అనసూయ చెంబుతో నీళ్లు తెచ్చి పెడుతుంది. ఇద్దరూ ఒకరి ముందే ఒకరు చెయ్యి పెట్టి, ఎవరిది వాళ్లు తీసుకుంటారు. మూత మాత్రం ఇంకా గట్టిగానే పెడతారు.