జీను గుడ్డ కప్పుకొచ్చిన సైకిలు

ఇలా పొయ్యి దగ్గరికి జరగండమ్మా. ఆ కంబళి కాళ్ల మీదికి లాక్కోండి. తూదా సంగతి చెబుతాను. గొంతు పెంచి చెప్పే కథ కాదు ఇది, పక్కన కూర్చుంటేనే చెవిన పడుతుంది.

తూదా సైకిళ్లు కడిగేది. పొద్దు వాలే వేళకు కనుమ దిగి ఒకళ్లో ఇద్దరో పరదేశులు రాత్రి బసకని వాళ్లింటికి వచ్చేవారు, లావు టైర్ల సైకిళ్ల మీద, బొంతల్లాంటి సంచులు కట్టుకుని, కనుబొమ్మల దాకా దుమ్ముకొట్టుకుపోయి. ఆమె భర్త మోహా గుమ్మంలోనే ఎదురెళ్లి, లోపల కూర్చోబెట్టి, కెటిల్ ఎత్తిపట్టి సన్నటి ధారగా పుదీనా టీ పోసేవాడు. ఆ ధార చూసి వాళ్లు మురిసిపోయేవారు. తూదా మాత్రం పెరట్లో కాలవ పక్కన గుడ్డపీలిక పట్టుకుని కూర్చునేది. "సైకిలు కడగడం కూడా ఒక పనేనా, నీళ్లు పోస్తే బురద దానంతటదే పోతుంది" అనేవాడు మోహా. మంచు కరిగి వచ్చే కాలవ నీళ్లలో వేళ్లు కొయ్యబారిపోతే పొయ్యి దగ్గర ఒక్క క్షణం కాచుకుని రొట్టెల పిండికి లేచేది. ఆ రొట్టె తిని ఎవరైనా బాగుందంటే "మా ఇంటి రొట్టె" అని మోహానే గుండెల మీద చెయ్యి పెట్టుకునేవాడు. ఒకసారి ఎవరో పరదేశి ఆమె పేరడిగితే మోహా నవ్వి, మా ఇంటావిడ అన్నాడట. పేరడిగినవాడికి ఆ జవాబు సరిపోయింది. తూదాకు మాత్రం పిండి పిసుకుతున్నంతసేపూ ఆ మాట గోరు కింద ముల్లులా సలుపుతూనే ఉంది.

అయినా సైకిళ్లు కడిగే ఆ కాసేపే రోజంతటిలో ఆమెది. ఎందుకంటే, మా వైపు మట్టి బూడిద రంగు. కనుమ అవతల మట్టి ఎరుపు. ఆ ఎర్రమట్టి ఆమె పుట్టినూరు తిమ్‌గార్‌ది. వాళ్లు దిగివచ్చే చక్రాల గీతల్లో, చైను పళ్ల మధ్య ఆ ఎరుపు ఇరుక్కుని ఉండేది. తూదా దాన్ని వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఒక్కోసారి అందులో అక్రోటు ఆకు ముక్క ఉండేది, ఒక్కోసారి బార్లీ గడ్డిపోచ. ఆ పోచ అక్క హద్దా వాకిట్లోదే అనుకునేది. అనుకుంటే చాలు, కాలవ చప్పుడు అవతలి వాగు చప్పుడైపోయేది. తను నడుం విరిగే మనిషి కాకుండా, అక్రోటు కాయల పసరుతో అరచేతులు నల్లబడ్డ పిల్లైపోయేది. అక్క మగ్గానికి ఆ కొసన, తను ఈ కొసన. దారం అటు పోయి ఇటు వచ్చేది. నీళ్లు పోయగానే ఎరుపంతా బూడిదలో కలిసి జారిపోయేది. సగం కడిగి, సగం అలాగే వదిలేసిన రోజులున్నాయి. మర్నాడు మోహా చేత మాట పడిన రోజులూ ఉన్నాయి.

అప్పట్లో కనుమ మీద దారి నిండా కంచరగాడిదలు, గంటలు, సంతకెళ్లే జనం. తర్వాత లోయలోంచి తారు రోడ్డు పడింది. జంతువుల్ని అమ్మేసి మగవాళ్లు పట్నాలు పట్టారు. దారి ఒంటరిదైపోయింది. గొర్రెల కాపరి, గద్ద నీడ, అప్పుడప్పుడు కంకర మీద చక్రం కరకర. ఆ నిశ్శబ్దం కోసమే ఈ సైకిళ్లవాళ్లు సముద్రాలు దాటి వచ్చేవారు. బండ్లు తిరగని దారి, మీరెంత అదృష్టవంతులు అని మోహాతో అనేవారట. వంటింట్లోంచి విన్న తూదా అనుకునేది, ఎక్కడెక్కడివాళ్లో ఆ దారి మీద తిరిగి వస్తున్నారు, ఆ దారిన పెళ్లికూతురై వచ్చిన నేను మళ్లీ దాని మీద అడుగు పెట్టలేదు అని.

ఎందుకు పెట్టలేదంటే చెబుతాను. మా వైపు ఆడపిల్ల పెళ్లికి ముందు తన చేత్తో ఒక జీను గుడ్డ నేసి పుట్టింట్లో వదిలి వస్తుంది. పిల్లను చూడాలనిపించినప్పుడు పుట్టింటివాళ్లు ఆ గుడ్డ కప్పి జంతువును పంపుతారు. అత్తింటివాళ్లు దాని ముందు గుప్పెడు బార్లీ పోస్తారు. బార్లీ పోశాక పిల్లను ఆపే హక్కు ఎవరికీ లేదు. కానీ గుడ్డ రాకుండా తనంతట తాను వెళ్తే పుట్టింటికి తలవంపులు, పిలవకుండా వచ్చిందంటారు. తిమ్‌గార్‌లో ఇప్పుడు జంతువులు లేవు. తమ్ముడు ఉన్న ఒక్కదాన్నీ అమ్మి పట్నం పోయాడు. ఇంట్లో హద్దా ఒక్కతే. తూదా నోరు తెరిచి అడిగినప్పుడల్లా మోహా ఎంతో మెత్తగా అనేవాడు: "నేనాపానా? జంతువు రానీ, నా చేత్తో నేనే ఎక్కిస్తాను." అరుగు మీద నలుగురిలో కూడా అదే మాట. రాదని తెలిసే అనేవాడు. పిల్లలిద్దరూ పట్నం హాస్టల్లో చదువుకుంటున్నారు, ఇల్లు ఖాళీ, అయినా ఆమె వెళ్తే రొట్టెలెవరు చేస్తారు?

అత్త ఇజ్జా ఈ మాటలన్నీ వింటూ ఉన్ని వడికేది. తల ఎత్తేది కాదు.

ఇంకొకటుంది. కడిగిన సైకిలు ఆరాలి కదా. తూదా దాన్ని ఇంటి వెనక కళ్లంలోకి నడిపించుకెళ్లేది. మొదట్లో పట్టుకుని నడిచింది. తర్వాత ఒక కాలు పెట్టి జారింది. పడింది, మోచెయ్యి గీరుకుంది. పొయ్యి గట్టు గీరుకుందని అబద్ధం చెప్పింది. నూర్పిళ్లకు జంతువులు తిరిగే ఆ గుండ్రటి చోటే ఆమె గుండ్రంగా తిరిగింది, మడిచిన పావడా నడుముకు దోపుకుని. అత్త గోడ అవతల దగ్గితే దిగిపోయేది. దగ్గడమే కానీ ఆవిడ ఏనాడూ గోడ దాటి రాలేదు.

ఆపిల్ పళ్లు కోసే రోజుల్లో ఒక సాయంత్రం కనుమ దిగి ఒకే ఒక్క సైకిలు వచ్చింది. రబాత్ పట్నం అమ్మాయి, పేరు కెంజా. మోకాలు వాచి, చివరి మలుపు నడిచే దిగింది. ఆ సమయానికి అరుగు మీద బస్సూ తాత, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. తూదా బకెట్ పట్టుకుని ఎప్పట్లా ఎదురెళ్లింది. సైకిలును చూసి బకెట్ కింద పెట్టేసింది.

సీటు మీదినుంచి వెనక సంచుల మీదికి ఒక గుడ్డ కప్పి ఉంది. ఎరుపు, నలుపు చారలు, నడుమ పసుపు గళ్లు, ఒక మూల గడి తప్పి ఉంది. ఆ తప్పు తనదే. పెళ్లి దగ్గర పడుతోందని కంగారులో చేసిన తప్పు, అక్క విప్పనివ్వలేదు, ఉండనీ, ఇది చూస్తే నీదని తెలుస్తుంది అంది.

కెంజా మా భాష తడుముకుంటూ మాట్లాడింది. హద్దా ఇంట్లో రెండు రోజులు పడుకున్నాననీ, మోకాలికి ఆవిడే కట్టు కట్టిందనీ చెప్పింది. ఇక్కడే ఉండి మాన్పుకుని తర్వాత వెళ్తానంది. "మీ అక్క ఒక మాట చెప్పమంది. నా వాకిట్లో నిలబడి నిద్రపోయిన జంతువు ఇదే, వేరేది లేదు, దీన్నే పంపుతున్నానంది. నువ్వు వెళ్లి తిరిగి వచ్చేదాకా నేను దీన్ని అడగను. అలా మాటిచ్చాను."

మోహా నవ్వాడు. నవ్వితే అందరూ నవ్వుతారనుకున్నాడు. "ఇనుప ముక్కను జంతువంటారా ఎక్కడైనా?"

బస్సూ తాత గడ్డం గోక్కుంటూ అన్నాడు, "మరి నువ్వు కాళ్లెన్ని ఉండాలో చెప్పలేదు కదరా మోహా. రానీ అన్నావు. వచ్చింది."

పక్కనున్న ముసలాయన, ఇది మేత కూడా అడగదు, బుద్ధిమంతురాలు అన్నాడు. అరుగంతా నవ్వింది, మోహా తప్ప. అతని మొహంలో కోపం కంటే భయమే ఎక్కువ కనబడింది తూదాకు. ఇంట్లో అతిథి, పిండి తడపలేదు, ఆమె చేతులు గుడ్డ మీదున్నాయి. "రేపు ఇంకో నలుగురు దిగుతున్నారే తూదా" అన్నాడు మెల్లగా. ఒకప్పుడు అతను ఇలా మెల్లగా అన్నప్పుడల్లా ఆమె గుండె నీరైపోయేది. ఆ రోజు కూడా కాసేపు నీరయింది. నలుగురికి పిండి ఎంత తడపాలో చెయ్యి దానంతటదే కొలుస్తోంది. గుడ్డ అంచు మాత్రం వదల్లేదు.

అప్పుడు అత్త లేచింది. వడికే కదురు పక్కన పెట్టి లోపలికి పోయింది. గుప్పిట మూసుకుని వచ్చి, నడుం వంగని మనిషి కష్టంగా వంగి, ముందు చక్రం ఎదురుగా బార్లీ గింజలు పోసింది.

"అమ్మా" అన్నాడు మోహా.

"నా గుడ్డ మా పుట్టింట్లోనే చిమటలు తినేశాయి" అంది ఇజ్జా, కొడుకు వైపు చూడకుండా. "ఎవరూ పంపలేదు. నేనూ అడగలేదు. దీనిది వచ్చింది. ఇక మాట లేదు. పిండి నేను చూపిస్తాను, నువ్వు పిసుకు." తర్వాత తూదాతో గొంతు తగ్గించి అంది, "కళ్లంలో ఎడమ మలుపు దగ్గరే పడుతుంటావు. చూసుకో."

మర్నాడు తెలవారుతుండగా తూదా బయలుదేరింది. ఎక్కుడంతా నెట్టుకుంటూనే నడిచింది, తొందరేముంది. గులకరాళ్లు చక్రం కింద గింజల్లా చిట్లుతున్నాయి. పొగమంచు లోయలో పాలలా నిలిచి ఉంది. ఎక్కడా మనిషి అలికిడి లేదు. వెనకనుంచి పిలిచే గొంతు లేదు. అది ఎంత కొత్తగా ఉందంటే మధ్యమధ్య తనే ఆగి వెనక్కి తిరిగి చూసింది. కనుమ మీద ఒక చోట మట్టి బూడిద రంగు వదిలి ఎరుపు అందుకుంటుంది. అక్కడ గుడ్డ సర్ది, సీటెక్కి, కాళ్లు రెండూ ఎత్తేసింది. ఇంక దారే ఆమెను దింపింది. గాలి పావడాలో దూరింది, కళ్ల నీళ్లు చెవుల దాకా పరుగెత్తాయి, ఏడుపో కాదో తనకే తెలియలేదు. గుండ్రంగా తిరగడమే తెలిసిన చక్రం ముందుకు, ముందుకే పోయింది. ఆ దిగుడు ఒక ఊపిరిలో అయిపోయినట్టూ, తన వయసంత పొడుగున్నట్టూ ఉందట. ఎడమ మలుపులో పడింది కూడా. లేచి, అరచేతికంటిన ఎర్రమట్టి తుడుచుకోలేదు.

అక్కాచెల్లెళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకెవరూ చెప్పలేదు. మగ్గం చప్పుడు మాత్రం వాగు దాకా వినబడిందని గొర్రెల కాపరి అన్నాడు.

కెంజా మోకాలు నయమయ్యేవేళకు తూదా తిరిగి వచ్చింది. సైకిలు ఆమెకు అప్పగించింది, ఎర్రమట్టితోనే, కడగకుండా. మోహా తను కాల్చిన రొట్టె చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. రొట్టె ఒక పక్క మాడిందిలెండి. కాలిన వేలి కొసలు చూపించి నవ్వబోయాడు. అంతలో ఆమె సంకలోని గుడ్డ చూశాడు. వాడుక ప్రకారం అది పుట్టింట్లోనే ఆగిపోవాలి, మళ్లీ పిలుపు వచ్చేదాకా.

"మర్చిపోయి తెచ్చావా?"

"తెచ్చుకున్నాను."

"మరి వాళ్లు నిన్ను పిలవాలంటే?"

తూదా రొట్టెల గదిలోకి పోయి, జల్లెడ వేలాడే మేకు ఖాళీ చేసి, దానికి గుడ్డ తగిలించింది. "ఇక నన్ను పిలిచేది నేనే" అంది, పిండి పళ్లెం అతని వైపు జరుపుతూ. "సైకిలు దొరక్కపోతే కాళ్లున్నాయి."

గోడ అవతల అత్త దగ్గింది. ఈసారి తూదా ఉలికిపడలేదు.

ఇదీ సంగతి. గుర్తుంచుకోండి, రేపు మీ పొయ్యి దగ్గర చేరినవాళ్లకు చెప్పండి. మాటలు మారినా పరవాలేదు, గుడ్డ రంగులు మర్చిపోయినా పరవాలేదు. మోహా పెళ్లాం కథ అని మాత్రం చెప్పకండి. ఎవరి కథ అని అడిగితే, తూదా కథ అనండి.