సున్నా నుంచి లెక్కపెట్టిన పిల్ల

ఆ పిల్ల పేపరు మీద గుండుసున్నా చుట్టింది మీరే! కంప్యూటర్లు తెప్పించి రెండేళ్ళు గుడ్డ కప్పి ఉంచిన హెడ్మాస్టారూ, గైడు తప్ప గతిలేని లెక్కల మాస్టారూ, ఇద్దరూ కలిసి చుట్టారు.

లెక్కల మాస్టారు చెడ్డవాడేం కాదు. "ప్రోగ్రామింగు కూడా నువ్వే చూడవయ్యా" అని హెడ్మాస్టారు అంటగడితే నోరెత్తలేకపోయాడు, అంతే. గైడులో ఉన్నది నల్లబల్ల మీదికి దించాడు. పిల్లలు నోటుబుక్కుల్లోకి దించారు. కంప్యూటరు మీట నొక్కిన పాపాన ఒక్కరూ పోలేదు.

పదిమంది మార్కుల్లో పెద్ద మార్కు వెతికే ప్రోగ్రాము పరీక్షలో వచ్చింది. నలభైమంది ఒకటి నుంచి పది దాకా వెతికారు. బస్సు డ్రైవరు కూతురు మాత్రం సున్నా నుంచి తొమ్మిది దాకా వెతికింది.

"ఏమ్మా, మీ ఇంట్లో వేళ్ళు సున్నా నుంచి లెక్కపెడతారా?" అన్నాడు మాస్టారు, పేపరు అందరికీ ఎత్తి చూపిస్తూ. తరగతి గొల్లుమంది.

"కంప్యూటరు అలాగే లెక్కపెడుతుంది సార్. దాంతోపాటు పెట్టెలో వచ్చిన పుస్తకంలో ఉంది."

"గైడు కంటే తెలిసినదానివి బయల్దేరావు! కూర్చో."

ఆ పేపరు పోతే కంప్యూటరు గ్రూపులో సీటు లేదు. పిల్లను టైపు గ్రూపులోకి తోసేశారు.

కొత్త తరగతులు మొదలయ్యాక మాస్టారు మొదటిసారి గుడ్డ తీసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ గైడు ప్రోగ్రాము కొట్టాడు. తప్పని చూపించింది. ఆ గైడు పాతకాలపు భాషది. ఈ కంప్యూటర్లో ఉన్న భాషలో వరుస సున్నాతో మొదలవుతుంది. గైడు ప్రకారం వెతికితే మొదటి మార్కును దాటేసి, అసలు లేని పదకొండోదాని కోసం తడుముకుంటుంది. పిల్ల రాసింది కొట్టాడు. టక్కున జవాబొచ్చింది.

హెడ్మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఊరుకోవయ్యా! అది ఒప్పంటే మిగతా నలభై తప్పవ్వాలి. తేనెతుట్టె కదపకు. సోమవారం సీట్ల జాబితా మూసేస్తున్నాం."

మాస్టారు టైపు గది గుమ్మంలో పిల్లను కలిశాడు. "తప్పు నాదేనమ్మా. అన్నం కూడా సయించడం లేదు."

"మీ అన్నం సంగతి అమ్మగారు చూసుకుంటారు సార్. నా సీటు సంగతేంటి?"

"మిగతా నలభైమంది..."

"మీరు చెప్పిందే వాళ్ళు రాశారు. వాళ్ళ మార్కులు వాళ్ళకుండనివ్వండి. నాది దిద్దండి."

"చూస్తానమ్మా," అని మాస్టారు తల దించుకున్నాడు.

తల దించుకుంటే సీటు రాదు. మాస్టారూ, పెన్ను తీయండి, జాబితా మూయకముందే ఆ పేపరు దిద్దండి. హెడ్మాస్టారూ, దాని మీద సంతకం పెట్టండి. గైడు తప్పని, పిల్ల ఒప్పని, నవ్విన తరగతి ముందే నిలబడి చెప్పండి. సోమవారం ఆ పిల్ల కంప్యూటరు ముందు కూర్చోవాలి. బాధపడటాలు ఆ తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు.