మునెప్ప తొడలోని సీసపు గుండు

నేను ఒక సీసపు గుండును. శనగగింజంత ఉంటాను. నా పేరు చెబితే జనం భయపడతారు గానీ, నా మొదటి బతుకు మహా సాధువైనది. చేపల వలకు బరువుగా వేలాడుతూ ఏళ్ల తరబడి చెరువులో మునిగి తేలాను. వల చినిగిపోయాక మునెప్ప నన్ను గరిటెలో కరిగించి, మట్టి అచ్చులో పోసి గుండుగా మార్చాడు. వేరుశనగ చేనును పాడుచేసే అడవిపందుల కోసం ఈ ఏర్పాటు. తుపాకీ మాత్రం మునెప్పది కాదు. అతని చెల్లెలు రెడ్డెమ్మ మొగుడు కదిరప్పది. లైసెన్సు లేని నాటు తుపాకీ.

పందుల వేటలో వాళ్లకొక కట్టుబాటు ఉంది. ఒకడు అరుస్తూ చేలోంచి పందిని తోలాలి. తరవాత బండచాటుకు చేరి ఈల వేయాలి. గట్టు మీద కూర్చున్నవాడు ఆ ఈల విన్నాకే కాల్చాలి. ఆ తెల్లవారుజామున తోలడానికి చేలోకి దిగింది మునెప్ప. గట్టు మీది కదిరప్ప ఈల దాకా ఆగలేదు. వేరుశనగ మధ్యన వేసిన కంది సాళ్లు కదలగానే కాల్చేశాడు. నన్ను పోసిన మనిషి తొడలోకే దూరిపోయాను. నాతోపాటు, మందు కదలకుండా తుపాకీలో కుక్కిన కొబ్బరిపీచు కూడా వచ్చింది. ఇంతకు మించిన ద్రోహం ఉండదనుకున్నాను. నాకేం తెలుసు?

ఆటోలో కదిరప్ప ఏడ్చాడు. "బామ్మర్దీ, పోలీసులకు తెలిస్తే నేను జైలుకు పోతా. నీ చెల్లెలు పచ్చి బాలింతరాలు."

చిన్నాస్పత్రిలో డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. "తుపాకీ గాయమైతే చెప్పప్పా. ఎక్స్‌రేకి పెద్దాస్పత్రికి పంపిస్తాను. దాస్తే కాలు పోతుంది."

"కంప కొయ్య గుచ్చుకునింది మేడమ్" అన్నాడు మునెప్ప. పిచ్చి మారాజు, చెల్లెలి కాపురం కోసం తన కాలు పణం పెట్టాడు. ఆమె నమ్మి కట్టు కట్టింది.

నాలుగో రోజుకు జ్వరం, చీము. పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే తెల్లగా నేను కనిపించాను. తొడ కోసి చీమునూ పీచునూ కడిగారు. కాలు దక్కింది కానీ, ఇక జన్మంతా కుంటాల్సిందే. పెద్ద రక్తనాళం పక్కనే ఉన్నానని నన్ను మాత్రం కదిలించలేదు.

కబురందుకుని ఎస్సై వచ్చాడు. కదిరప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తుపాకీ మా బామ్మర్దిదే సార్. పొరపాటున వాని చేతిలోనే పేలింది. గుండ్లు గూడా వాడే పోసుకుంటాడు."

ఆ చివరి మాట నిజమే. అబద్ధం నిలబడటానికి నన్ను ఊతకర్రలా వాడుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మునెప్ప మాత్రం బెదరలేదు. వాకిలి వైపే చూస్తున్నాడు. రెడ్డెమ్మకు అంతా తెలుసు. తను వస్తే నిజం చెబుతుందని అతని ధీమా. ఆమె చంకలో బిడ్డతో, సంగటి క్యారియర్‌తో వచ్చింది. తుపాకీ ఎవరిదని ఎస్సై అడిగాడు. బిడ్డ మీది గుడ్డ సర్దుతూ, అన్న ముఖం చూడకుండా చెప్పింది.

"అన్నదే సార్."

ఎస్సై మంచం వైపు తిరిగాడు. "ఏమప్పా, నువ్వేమంటావు?"

మునెప్ప చాలాసేపు బిడ్డను చూశాడు.

"మా చెల్లెలు చెప్పింది గదా సార్. అదే రాసుకోండి."

రాసుకున్నారు. ఆ గదిలో నిజం తెలిసినవాళ్లం నలుగురం. నోరు లేనిది నాకొక్కదానికే. నోరున్న ముగ్గురూ అబద్ధమే చెప్పారు.