తూర్పు లైనులో వచ్చిన ముఖం

మురుగునీటి ప్లాంటులో ఆపరేటరు పొద్దున రాగానే చేసే మొదటి పని ముక్కుతో. గేటు దాటి నాలుగడుగులు వేశాక ఆగి, ఒకసారి గట్టిగా గాలి పీలుస్తాడు. తడిమట్టి వాసన వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే ట్యాంకులో ఎక్కడో గాలి అందడం లేదన్నమాట, ఇక ఆ పూట టీ మీద ఆశ వదులుకోవాల్సిందే. తర్వాత ఇనప కమ్మీల జాలీకి తట్టుకున్న గుడ్డపీలికలూ, ప్లాస్టిక్ సంచులూ, ఎవరిదో ఒంటి చెప్పూ లాగి బయట పారేస్తాడు. నీళ్ళలోకి గాలి ఊదే గాలి ట్యాంకులో నురగ రంగు చూస్తాడు. చిట్టచివరి తేటనీటి ట్యాంకు అంచున నిలబడి లోపలికి తొంగిచూస్తాడు. ఈలోగా ముఖాలు రావడం మొదలవుతుంది.

జనం కడిగేసుకున్న ముఖాలు. పొద్దున్నే నిద్రముఖాలు గుంపుగా వస్తాయి. మధ్యాహ్నం ఆఫీసు బాత్‌రూముల్లోంచి కోపం ముఖాలు, సాయంత్రానికి అలిసిపోయినవి. కాసేపు నురగ మీద తేలి, గాలి ట్యాంకులోకి వెళ్ళాక అక్కడ మురికిని తినే బ్యాక్టీరియాకి ఆహారమైపోతాయి. కోపం ముఖాలు ఎక్కువగా వచ్చిన వారం బ్యాక్టీరియా బాగా బలుస్తుందని కెమిస్టు మేడమ్ అంటుంది. అంతకుమించి వాటి గురించి అక్కడ ఎవరూ మాట్లాడుకోరు. ఒంటి చెప్పు గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు.

కాకపోతే ఒక కట్టుబాటు ఉంది. ప్లాంటుకి రెండు లైన్లు. తూర్పువైపు ఇళ్ళ నీళ్ళు ఒకదాంట్లో, పడమరవైపువి ఇంకోదాంట్లో వస్తాయి. తూర్పున కాపురమున్నవాడు పడమర లైను చూడాలి, పడమరవాడు తూర్పు లైను చూడాలి. పక్కింటాయన కడిగేసుకున్న ముఖాన్ని మధ్యాహ్నం చూసి, సాయంత్రం మెట్ల మీద ఆయన్నే "కులాసాయేనా?" అని అడగాలంటే ఎవరికైనా నోరు రాదు కదా.

ఆ కట్టుబాటు పొడుగాయన మడమ దగ్గర తెగింది. తూర్పు లైను చూసే పొడుగాయన తడిమెట్ల మీద జారి, మడమ బెణికి ఇంట్లో కూర్చున్నాడు. వేరే మనిషి లేడు.

"కొన్నాళ్ళు రెండు లైన్లూ నువ్వే చూసుకోవయ్యా," అన్నాడు సూపర్‌వైజరు. "ముఖాల వంక చూడకు. పని వంక చూడు."

చూడకు అన్నాక చూడకుండా ఉండేవాడెవడు? మొదటిరోజే, తూర్పున కాపురమున్న ఆపరేటరు మెడ తిప్పాడు. తూర్పు లైను నురగలో తన భార్య ముఖం కనబడింది.

ఆవిడదే, సందేహం లేదు. ఎడమ కనుబొమ చివర చిన్ననాటి గాయం మచ్చ కూడా ఉంది. కానీ ఆ ముఖంలో ఉన్నదేమిటో ఆయనకి అంతుపట్టలేదు. కోపం కాదు, ఏడుపు కాదు. కళ్ళు చిట్లించి, పెదాలు కాస్త విడివడి, కొంచెం ఒక పక్కకి ఒరిగి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముఖాన్ని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఇంట్లో ఆవిడ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. మరి ఈ ఎదురుచూపు ఎవరికోసం?

పోనీ, గాలి ట్యాంకులో కరిగిపోతుందిలే అనుకున్నాడు. కరగలేదు. బ్యాక్టీరియా దాన్ని ముట్టనే లేదు. మర్నాటికి తేటనీటి ట్యాంకులో తేలింది. వల వేస్తే వల కన్నాల్లోంచి జారిపోయింది. క్లోరిన్ పెంచితే మరీ తెల్లబడింది తప్ప పోలేదు.

కెమిస్టు మేడమ్ నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేసి వచ్చింది. "నీళ్ళలో ఏ లోపమూ లేదు. ముఖం ఒక్కటే ఎక్కువగా ఉంది," అంది.

"ఆ ముఖం ఏమంటున్నట్టుంది మేడమ్?" అని ఆపరేటరు గొంతు తగ్గించి అడిగాడు.

"దారి తప్పినట్టుంది."

సూపర్‌వైజరునీ అడిగాడు. "మా ఆవిడ నా మీద అలిగితే ఇలాగే ఉంటుంది," అన్నాడాయన. టీ తెచ్చేవాడు మాత్రం, ఏదో వాసన పసిగడుతున్నట్టుందన్నాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పేసరికి ఆపరేటరుకి ఉన్న మతి కూడా పోయింది.

ఆ సాయంత్రం ఇంటికొస్తే భార్య తలుపు తీసింది, నవ్వుతూ. నుదుటి మీద ఇంకా నీటిచుక్కలున్నాయి. ఆయన నోరు విప్పేలోపే పక్కింటి అమ్మాయి ఉద్యోగం దగ్గర మొదలుపెట్టి, కారుతున్న కుళాయి దాకా ఆపకుండా చెప్పుకుపోయింది. మధ్యలో దూరడానికి సందు దొరకలేదు.

ఆలోచిస్తే, ఈ మధ్య ఆవిడలో చాలా తేడాలు వచ్చాయి. పక్కగదిలోంచి పిలిస్తే పలకడం మానేసింది. దీపం ఆర్పాక ఒక్క మాట మాట్లాడదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. బస్‌స్టాండు ఎంక్వైరీ కిటికీ దగ్గర ఇష్టంగా చేసుకునే ఉద్యోగాన్ని విసుగొచ్చిందంటూ ఒకరోజు వదిలేసింది. ఆయన జోకు వేస్తే నవ్వుతుంది కానీ, ఆయన నవ్వడం చూసి, ఆ తర్వాత నవ్వుతుంది. అన్నీ కలిపితే ఆయనకి ఒక్కటే తోచింది. ఆవిడకి తన మీద మనసు విరిగిపోయింది.

ఆ అనుమానానికి తగ్గట్టే, వారం తిరక్కుండా ఆవిడ అంది, "రేపు సాయంత్రం బస్సుకి మా అక్క దగ్గరికి వెళ్తానండీ. కొన్నాళ్ళు ఉండొస్తాను."

"కొన్నాళ్ళంటే?"

"చూద్దాం," అంది నవ్వుతూ.

ఆవిడ వంటగదిలోకి వెళ్ళాక మంచం మీది సంచి తెరిచి చూశాడు. అందులో ఉన్ని కోటు ఉంది. బయట ఎండలు మండిపోతున్నాయి. చలికాలం దాకా రాదన్నమాట. ఆయన వంటగదిలోకి నడిచాడు. "నా వల్ల తప్పేమైనా జరిగిందా?" అని ఆవిడ వీపు వెనక నిలబడి అడిగాడు. ఆవిడ గిన్నె తోముతూ ఉండిపోయింది. పలకడానికి కూడా మనసు లేదు కాబోలనుకుని వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు సూపర్‌వైజరు పట్టుకున్నాడు. "ఇవాళ ఎలాగైనా ఆ ముఖం తీసేయవయ్యా. ముఖమున్న నీళ్ళు నదిలోకి ఎలా వదలమంటావు?"

ఆపరేటరు తేటనీటి ట్యాంకు మెట్ల మీద కూర్చున్నాడు. ముఖం తేలుతూ దగ్గరికొచ్చింది.

"ఏం కావాలి నీకు?" అని అడిగాడు దాన్ని. "ఎవరు కావాలి?"

ముఖం కళ్ళు చిట్లించి ఆయన నోటివైపు చూసింది. అలా చూస్తూనే ఉంది. ఆయనకి ఒళ్ళు మండింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఏంచేయాలో తోచలేదు. వంగి, దోసిలి పట్టి, నీళ్ళతో సహా ఆ ముఖాన్ని ఎత్తి తన ముఖం మీద చల్లుకున్నాడు. చల్లగా అతుక్కుంది. ట్యాంకులో నీళ్ళు ఖాళీగా మెరిశాయి.

డ్యూటీ దిగి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో అన్నాడు. ఆపరేటరుకి శుభ్రంగా వినబడింది, కానీ కళ్ళు వాటంతటవే వెళ్ళి వాచ్‌మన్ మీసాల కింద నిలబడ్డాయి. పెదాలు విడివడ్డాయి. తల ఒక పక్కకి ఒరిగింది. వాచ్‌మన్ ఆయన ముఖం చూసి, నోరు బాగా తెరిచి, మళ్ళీ చెప్పాడు. "డ్యూటీ... అయిపోయిందా... అన్నా?"

బస్సులోనూ అదే తంతు. కండక్టరు చిల్లర అడిగితే ఆపరేటరు కళ్ళు నేరుగా అతని పెదాల మీద వాలాయి. పక్క సీటాయన పలకరిస్తే ఆయన పెదాల మీదా వాలాయి. ఈ ముఖానికి మనుషులతో పని లేదు, వాళ్ళ నోళ్ళతోనే పని. ఎందుకిలా అని బుర్ర గోక్కుంటూ కిటికీలోంచి చూస్తే, రోడ్డవతల ఒక తల్లి బిడ్డతో ఏదో చెబుతోంది. ఒక్క ముక్క వినబడదు. ముఖం కళ్ళు చిట్లించి ఆ తల్లి పెదాలని చదవబోయింది.

ఆపరేటరు సీట్లోంచి లేచి నిలబడ్డాడు. చీకట్లో పెదాలు కనబడవు. పక్కగదిలోంచి కనబడవు. వీపు వెనక నిలబడి అడిగితే అసలే కనబడవు. తర్వాతి స్టాపులో దిగేసి, మిగతా దూరం పరుగెత్తాడు.

భార్య సంచి భుజాన వేసుకుని, తలుపు తాళం కోసం వెతుకుతోంది. ఆయన్ని చూసి ఆగిపోయింది. దగ్గరికొచ్చి, ఆయన చెంప మీద చెయ్యి వేసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నాది కదండీ," అంది. "మీకెక్కడ దొరికింది?"

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్ళాడు. ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "వినబడటం లేదని... నాతో ఎందుకు... చెప్పలేదు?"

ఆవిడ నవ్వబోయింది. రాలేదు. సంచితో పాటు మంచం మీద కూలబడింది.

"మా అమ్మకీ ఇలాగే అయింది. ముందు అందరూ ఆవిడతో అరిచి మాట్లాడేవాళ్ళు. తర్వాత రెండోసారి చెప్పడం మానేశారు. ఆ తర్వాత అసలు మాట్లాడటమే మానేశారు. ఆవిడ చివరిదాకా నవ్వుతూ కూర్చుంది, ఎవరేమంటున్నారో తెలియకుండానే. మీరు కూడా అలా మానేసే రోజు చూడకూడదని..."

"పిచ్చిదానా," అన్నాడాయన. కళ్ళు తుడుచుకోవడానికి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏంటి? అది అర్థం కాలేదు," అందావిడ. అలా అడగడం అదే మొదటిసారి. "మళ్ళీ చెప్పండి."

ఆయన మళ్ళీ చెప్పాడు. సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది.

ట్యాంకులో ముఖం పోయిందని సూపర్‌వైజరు సంతోషంగా నీళ్ళు నదిలోకి వదిలించాడు. పొడుగాయన కుంటుకుంటూ తూర్పు లైనుకి తిరిగొచ్చాడు. ఆపరేటరు పాత ముఖం మాత్రం తిరిగిరాలేదు. సబ్బుతో రుద్దాడు, వేణ్ణీళ్ళతో కడిగాడు, లాభం లేకపోయింది. చెవులు నిక్షేపంగా పనిచేస్తున్నా, ఎవరు పలకరించినా అయోమయంగా వాళ్ళ నోటివంకే చూస్తాడు. జనం పాపమనుకుని ఎదురుగా వచ్చి నిలబడతారు, వెలుతురువైపు తిరుగుతారు, నిదానంగా ఇంకోసారి చెబుతారు. విసుక్కోరు కూడా, ఆ ముఖాన్ని చూస్తే ఎవరికీ విసుక్కోబుద్ధి కాదు. ఆవిడ ఆయన పక్కనే నిలబడి ఉంటుంది.

మొన్న చెవుల డాక్టరు దగ్గరా అంతే. భార్య చెవి నరం సంగతీ, పెట్టుకోవాల్సిన మెషీను సంగతీ గబగబా చెప్పేస్తున్న డాక్టరు, భర్త ముఖం చూసి ఆగిపోయాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, చేతులు తిప్పుతూ, మొత్తం మొదటినుంచీ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"అర్థమైందా అండీ?" అని చివర్లో ఆయన్ని అడిగాడు.

"అర్థమైంది," అందావిడ.